1965 ఎంజీబీ రోడ్‌స్టర్: ఇంజన్ విప్పే ముందు సిల్స్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇంగ్లండ్‌లో 1965 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేని రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నారు. ఒకప్పుడు క్లబ్ రేసుల్లో తిరిగిన బండి అని అమ్మినాయన చెప్పాడు. ఏళ్లుగా గ్యారేజీలో కదలకుండా ఉంది. ఇంజన్‌తో మొదలుపెట్టాలా, రేసు కోసం చేసిన మార్పులన్నీ పీకేసి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేయాలా అన్నది మీ సందేహం.

ఇంజన్‌తో మొదలుపెట్టకండి. ముందు బండిని ఉన్నది ఉన్నట్టు రికార్డు చేయండి. తర్వాత బాడీ షెల్ (రేకులన్నీ అతికిన బాడీ), ఆ తర్వాత సస్పెన్షన్, బ్రేకులు. ఇంజన్ వంతు అప్పుడు. మార్పులు ఉంచాలా తీయాలా అన్నది రికార్డు పని పూర్తయితే చాలావరకు దానంతటదే తేలుతుంది.

ఈ వరస ఎందుకంటే ఎంజీబీకి విడిగా ఛాసీ లేదు. దానికి ముందొచ్చిన ఎంజీఏకి ఉండేది. 1962లో ఎంజీబీ వచ్చేసరికి అబింగ్డన్‌లోని ఎంజీ ఫ్యాక్టరీ వాళ్లు ఛాసీ, బాడీ ఒకటే చేసేశారు. పైకప్పు లేని బండి కాబట్టి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య బరువంతా మోసేది తలుపుల కింద ఉండే రెండు సిల్స్, మధ్యలో గేర్‌బాక్స్ టన్నెల్, అంతే. సిల్ కుళ్లితే మూత తీసిన అట్టపెట్టెలా షెల్ మెలి తిరుగుతుంది. అలాంటి బండికి ఎంత మంచి ఇంజన్ పెట్టినా మలుపులో నాలుగు చక్రాలూ నాలుగు దారులు పడతాయి.

ఈ కారు రేసుల్లో సాధించిన పేరు కూడా గట్టితనం వల్ల వచ్చిందే. ఇంజన్ 1,798 సీసీ, పోత ఇనుము బ్లాక్, పుష్‌రాడ్లు, రోడ్డు మీద 95 హార్స్‌పవర్. గొప్ప వేగమేమీ కాదు. అయినా 1963 లె మాన్స్ 24 గంటల పోటీలో పాడీ హాప్‌కిర్క్, అలాన్ హచిసన్ నడిపిన బండి ఇసుకలో కూరుకుపోయి గంటకు పైగా తవ్వుకుని బయటపడ్డాక కూడా 12వ స్థానంలో ముగించింది. 1964 మాంటెకార్లో ర్యాలీలో మోర్లే సోదరులు జీటీ విభాగం గెలిచారు. 1965 లె మాన్స్‌లో హాప్‌కిర్క్, ఆండ్రూ హెడ్జెస్ 11వ స్థానం. 1966లో నూర్‌బుర్గ్‌రింగ్ మీద 84 గంటలు సాగిన మారథాన్ డి లా రూట్‌లో హెడ్జెస్, జూలియన్ వెర్నావ్ ఏకంగా మొదటి స్థానం కొట్టారు. అన్నీ సుదీర్ఘ పోటీలే. మీరు కాపాడుకోవాల్సింది ఆ దమ్మునే.

ఇక రికార్డు పని. గ్రైండర్ ముట్టుకోకముందు బండి చుట్టూ, లోపలా, కిందా ఫొటోలు తీయండి. ఛాసీ నంబరు చూడండి: మీ ఏడాది రోడ్‌స్టర్ అయితే జీహెచ్ఎన్3 అని మొదలవ్వాలి, ఎడమచేతి స్టీరింగ్ బండి అయితే అందులో ఎల్ అక్షరం ఉంటుంది. ఇంజన్ నంబరు 18జీబీ అని మొదలైతే అది 1964 చివర్లో వచ్చిన అయిదు మెయిన్ బేరింగుల ఇంజన్. 18జీ, 18జీఏ అని ఉంటే మూడు బేరింగులది, అంటే ఎప్పుడో ఇంజన్ మార్చారన్నమాట. ఈ నంబర్లతో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఆర్కైవ్‌కి దరఖాస్తు చేస్తే హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. తయారైన తేదీ, అసలు ఇంజన్ నంబరు, రంగు, మొదట ఏ దేశానికి పంపారు, ఇవన్నీ ఫ్యాక్టరీ రిజిస్టర్ల నుంచే వస్తాయి.

ఫ్యాక్టరీ కాంపిటీషన్స్ డిపార్ట్‌మెంట్ స్వయంగా నడిపిన బండ్లు కొద్ది. వాటి రిజిస్ట్రేషన్ నంబర్లన్నీ ప్రపంచానికి తెలుసు. మీది వాటిలో ఒకటయ్యే అవకాశం దాదాపు లేదు. సొంతదారు వారాంతాల్లో పరుగెత్తించిన బండి అయ్యుంటుంది. దాని విలువ దానికుంది, రుజువు దొరికితేనే.

రుజువులు ఎక్కడుంటాయంటే, అయస్కాంతం పట్టుకుని మొదలుపెట్టండి. బానెట్‌కి అంటుకోకపోతే సంబరపడకండి, ఆ కాలపు ఎంజీబీలన్నిటికీ బానెట్ అల్యూమినియమే. తలుపులు, ముందు రెక్కలు (చక్రాల పైన ఉండే రేకులు), డిక్కీ మూత కూడా అంటుకోకపోతే అప్పుడు అసలు విషయం ఉన్నట్టు. సీట్ల వెనక నేల మీద, చక్రాల గూళ్ల మీద రోల్‌బార్ (బండి బోల్తా పడితే తల కాపాడే కమ్మీ) కాళ్ల కోసం వేసిన రంధ్రాలు, పూడ్చిన గుర్తులు వెతకండి. పెద్ద పెట్రోల్ ట్యాంకు పట్టీల గుర్తులు, రెండో ఫ్యూయల్ పంపు బ్రాకెట్, డ్యాష్‌బోర్డు వెనక అదనపు స్విచ్‌ల తీగలు చూడండి. ఆయిల్ కూలర్ ఒక్కటే ఉంటే లెక్కలోకి రాదు, రోడ్డు బండ్లకీ ఉండేది. విడిభాగాల మీద సీ అక్షరంతో మొదలయ్యే నంబర్లు కనిపిస్తే అవి అబింగ్డన్ స్పెషల్ ట్యూనింగ్ విభాగం అమ్మినవి కావచ్చు, వాటిని విడిగా భద్రపరచండి.

రాత్రి పూట గ్యారేజీ లైట్లు ఆర్పేసి, టార్చి లైటుని తలుపు రేకుకి దాదాపు ఆనించి పక్కవాటుగా వేసి చూడండి. పాత రేసు నంబరు వేసిన గుండ్రటి తెల్ల మచ్చ మీద తర్వాత ఎన్నిసార్లు రంగు కొట్టినా దాని అంచు సన్నటి గీతగా లేస్తుంది. అక్కడ 1,500 నంబరు నీటి కాగితంతో నాణెమంత జాగా మెల్లగా అరగదీస్తే రంగు పొరలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా బయటపడతాయి. ఆ వరసను ఫొటో తీయండి. మొత్తం బండిని ఒకేసారి గీకించేస్తే ఈ సాక్ష్యం మళ్లీ రాదు.

మార్పుల గురించి నా అభిప్రాయం సూటిగా: ఏ కాలంలో చేశారో ఆధారం ఉన్న మార్పుని ఉంచండి. ఆధారం లేనిదీ, ఈ మధ్య ఎవరో తగిలించిందీ తీసేయండి. కానీ పారేయకండి, చీటీ కట్టి పెట్టెలో పెట్టండి. లేని చరిత్రని మాత్రం అంటించకండి. మామూలు బండికి లె మాన్స్ పొడుగు ముక్కు పెట్టి నంబరు రాయిస్తే రేపు కొనేవాడు మీ దగ్గరున్న నిజమైన కాగితాలనీ నమ్మడు. ఎప్పటికైనా ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ) హిస్టారిక్ పోటీల్లో నడపాలనుంటే ముందే నిబంధనలు చదివి, ఆ తర్వాతే ఏదైనా కొనండి. హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ కావాలంటే బండి ఆ కాలపు స్పెసిఫికేషన్‌లో ఉండాలి. అయిదు గేర్ల కొత్త గేర్‌బాక్స్, టెలిస్కోపిక్ డ్యాంపర్లు (గొట్టం రకం షాక్ అబ్జార్బర్లు) హాయిగా ఉంటాయి గానీ అక్కడ చెల్లవు.

ఇప్పుడు సిల్స్. బయటికి కనిపించేది ఒక్క పొరే. లోపల నిలువుగా మెంబ్రేన్ అనే రేకు, దాని వెనక నేలకి అతికిన లోపలి సిల్, కింద క్యాజిల్ రైల్ అనే పొడుగాటి పెట్టె ఉంటాయి. ఇవన్నీ కలిస్తేనే బలం. తుప్పు పట్టే దారి కూడా ప్రతి బండిలో ఒకటే. ముందు చక్రం వెనక ఉండే స్ప్లాష్ ప్యానెల్ రబ్బరు అంచు గట్టిపడి విరుగుతుంది. ఆ సందులోంచి ఉప్పు కలిసిన బురద లోపలికి వెళ్లి రెక్క అడుగున పేరుకుపోతుంది. అది ఏడాది పొడవునా తడిగానే ఉండి సిల్ ముందు భాగాన్ని, తలుపు కీళ్లు మోసే స్తంభం అడుగుని తినేస్తుంది. పైన చూస్తే రెక్క కింద చిన్న పొక్కు కనిపిస్తుంది. ఆ పొక్కు కనపడే నాటికి లోపల సగం పోయినట్టే.

పరీక్ష ఇలా చేయండి. నేల కింద అడ్డంగా వెళ్లే జాకింగ్ క్రాస్‌మెంబర్‌ని ముందు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే అక్కడ జాకీ పెట్టొద్దు, మీ మీద కూలుతుంది. గట్టిగా ఉంటే తలుపు వెనక అంచుకీ వెనక రెక్కకీ మధ్య సందుని పైన, కింద కొలిచి రాసుకోండి. చక్రాలు లేచే దాకా జాకీ ఎత్తి మళ్లీ కొలవండి. సందు కంటికి తెలిసేంత మారినా, తలుపు పట్టేసినా సిల్స్ పని అయిపోయింది. కార్పెట్ తీసి లోపలి వైపు, కింద అతుకు వరస కూడా చూడండి. పాత సిల్ మీద కొత్త రేకు తొడిగి పుట్టీ పెట్టి రంగేసిన బండ్లు చాలా ఉన్నాయి. కింద అంచు మామూలు కన్నా మందంగా, రెండు మూడు పొరలుగా కనిపిస్తే అదే.

సిల్ కోసే ముందు రెండు తలుపుల ఖాళీల్లోనూ బ్రేసింగ్, అంటే షెల్ కదలకుండా పట్టే గొట్టాలు వేయాలి. 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టం తీసుకుని కీళ్ల స్తంభం నుంచి లాక్ స్తంభం దాకా ఒకటి అడ్డంగా, ఒకటి ఐమూలగా. కీళ్ల రంధ్రాలకే బోల్టు చేసేలా పలకలు అతికించుకుంటే వెల్డింగ్ మచ్చలు ఉండవు. రెండు తలుపుల ఖాళీల ఐమూల కొలతలూ తీసి గోడ మీద రాయండి. బండి బరువు ముందు క్రాస్‌మెంబర్ మీద, వెనక యాక్సిల్ మీద, అంటే చక్రాల మీద ఉన్నట్టే ఉండాలి. షెల్‌ని రొటిసరీ (షెల్‌ని గుండ్రంగా తిప్పే స్టాండు) మీదికి ఎక్కించి గాలిలో సిల్స్ మార్చొద్దు. రొటిసరీ అడుగు భాగం శుభ్రం చేసుకోవడానికి, సిల్స్ పూర్తయ్యాక.

ఒకసారి ఒక పక్కే చేయాలి. రెండో పక్క పాతదైనా సరే అది షెల్‌ని నిటారుగా పట్టి ఉంచుతుంది. ముందు రెక్క బోల్టులతో ఉంటుంది కాబట్టి విప్పేస్తే సరిపోతుంది. వెనక రెక్క మాత్రం వెల్డింగ్. సిల్ చివర దాని కిందికి వెళ్తుంది గనక ఆ రెక్క కింది ముక్క ఓ 15 సెంటీమీటర్లు కోయక తప్పదు. అది కోయకుండా సిల్‌ని అక్కడిదాకా తెచ్చి ఆపేసేవాళ్లు ఉన్నారు. అలా ఆపిన చోటే షెల్ విరుగుతుంది. లోపలి నుంచి బయటికి రండి: ముందు క్యాజిల్ రైల్, నేల అంచు, తర్వాత మెంబ్రేన్, చివర బయటి సిల్. ప్రతి పొర క్లాంపులతో పట్టించాక బ్రేసింగ్ తీయకుండానే కొలతలు సరిచూడండి. బయటి సిల్ వేసే ముందు తలుపు, ముందు రెక్క రెండూ తగిలించి సందులు నాలుగు మిల్లీమీటర్ల దగ్గర సమంగా వచ్చేదాకా జరుపుతూ ఉండండి. ఈ ఒక్క మెట్టుకి రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి. వెల్డింగ్ అయిపోయాక తలుపు సందు సరిచేసే మార్గం మళ్లీ కోయడమే.

వెల్డింగ్‌కి మిగ్ (తీగ దానంతటదే వచ్చే గ్యాస్ వెల్డింగ్ మెషిన్) చాలు, 0.6 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్ కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డ్ ఉన్న చోట పై రేకుకి ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం చేసి ప్లగ్ వెల్డ్ పెట్టండి, ఒకదానికొకటి 25 నుంచి 30 మిల్లీమీటర్ల దూరంలో. వరసగా కొట్టుకుంటూ పోవద్దు. ఒకటి ఇక్కడ, ఒకటి ఆ చివర, వేడి పంచుతూ వెళ్లాలి. అతుకు మధ్యలో జింక్ వెల్డ్ ప్రైమర్ రాయండి, రంధ్రంలో మాత్రం తుడిచేయండి, లేకపోతే వెల్డ్ చిమ్ముతుంది. ప్యాచ్‌లకి 1.2 మిల్లీమీటర్ల రేకు వాడండి. షెల్ నాలుగు మూలలా పోయి ఉంటే ఒక్కో ముక్కా అతికే బదులు బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత అచ్చులతోనే తయారుచేసే కొత్త షెల్ గురించి ఆలోచించవచ్చు. కానీ రేసు చరిత్ర ఉన్న బండిలో ఆ చరిత్ర మోసేది పాత షెల్లే, కాబట్టి అది చివరి మార్గం.

రంగు తీయడానికి పెద్ద రేకుల మీద ఇసుక బ్లాస్టింగ్ వద్దు, రేకు మీద అలలు తేలతాయి. రసాయనంతో గానీ చేత్తో గానీ తీయండి. తలుపు పైన, క్వార్టర్‌లైట్ (ముందు వైపు చిన్న త్రికోణపు అద్దం) కింద చిన్న పగులు ఉందేమో చూడండి. ఈ మోడల్‌కి అది మామూలే. పగులు చివర రంధ్రం వేసి, లోపల పలక అతికితేనే ఆగుతుంది, పుట్టీ పెడితే ఆరు నెలల్లో మళ్లీ తేలుతుంది. రంగు పూర్తయ్యాక సిల్స్ లోపల, క్యాజిల్ రైల్‌లో క్యావిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం) కొట్టి, నీళ్లు పోయే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో తీగ పెట్టి చూడండి. హీటర్ గాలి వచ్చే పెట్టె అడుగున ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. అది ఆకులతో మూసుకుపోతే వాన నీళ్లు మీ కొత్త నేల మీదికే వస్తాయి.

సస్పెన్షన్‌లో ముందు కింగ్‌పిన్లు, అంటే స్టీరింగ్‌తో పాటు ముందు చక్రాలు తిరిగే నిలువు ఇరుసులు. గ్రీజు అందక అరిగిపోవడమే వాటి జబ్బు. కొత్తవి వేశాక ప్రతి 3,000 మైళ్లకి, చక్రాలు గాలిలో ఉండగా గ్రీజు కొట్టాలి. బరువు మీద ఉంటే గ్రీజు అరిగే వైపు చేరదు. ముందు హబ్‌ల లోపల బేరింగుల మధ్య స్పేసర్, షిమ్‌లు (సన్నటి రేకు వలయాలు) ఉంటాయి. వాటిని పారేసి, నట్టు చేతి అంచనాతో బిగించేవాళ్లున్నారు. అలా చేయకండి. ఆ స్పేసరే స్టబ్ యాక్సిల్‌కి (హబ్ తిరిగే పొట్టి ఇరుసుకి) బలం. అది లేకపోతే గట్టి మలుపుల్లో స్టబ్ యాక్సిల్ వంగి అలసిపోతుంది. షిమ్‌లతో ఎండ్ ఫ్లోట్ (ఇరుసు పొడవునా ఆడే వదులు) 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్యకి తెచ్చుకోండి. బ్రేకు గొట్టాలన్నీ రాగి-నికెల్‌వి, రబ్బరు హోసులన్నీ కొత్తవి, ద్రవం డాట్ 4. హోసు బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటుంది, అప్పుడు పెడల్ వదిలినా చక్రం పట్టుకునే ఉంటుంది.

ఇంజన్ విప్పితే హెడ్‌ని ముందు పగుళ్ల పరీక్షకి పంపండి. మధ్యలో రెండో, మూడో సిలిండర్లకి ఒకటే ఎగ్జాస్ట్ పోర్టు కాబట్టి వేడంతా అక్కడే, పగులు కూడా ఆ సీట్ల దగ్గరే వస్తుంది. బాగుంటే సీసం లేని పెట్రోలుకి తట్టుకునే గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించండి. క్రాంక్ గ్రైండింగ్‌కి పంపినప్పుడు ఆయిల్ దారుల బిరడాలు తీసి కడగమని చెప్పండి, లేకపోతే ఏళ్లనాటి మడ్డి కొత్త బేరింగుల్లోకి వస్తుంది. క్రాంక్ ఎండ్ ఫ్లోట్ 0.10 నుంచి 0.13 మిల్లీమీటర్లు. బిగింపు: మెయిన్ బేరింగులు 70 పౌండ్-అడుగులు, హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి విడతలుగా 50. రాకర్ షాఫ్ట్ నట్లలో కొన్ని హెడ్‌ని పట్టి ఉంచేవే. అందుకే ఎప్పుడు షాఫ్ట్ తీయాలన్నా ముందు కూలెంట్ దించి, హెడ్ నట్లన్నీ వరసలో వదులు చేయాలి. టాపెట్ సందు 0.38 మిల్లీమీటర్లు. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సరిచేయండి, ఏడోది తెరుచుకుంటే రెండోది. రెండూ కలిపితే తొమ్మిది వచ్చేలా చూసుకుంటే చాలు.

ఎస్‌యూ కార్బురేటర్లు రెండూ హెచ్ఎస్4. థ్రాటిల్ కడ్డీ అరిగి గాలి లాగుతుంటే ఎంత ట్యూన్ చేసినా ఐడ్లింగ్ నిలవదు, ముందు కడ్డీలు మార్చించండి. జెట్ నట్టుని పై దాకా తిప్పి, అక్కడి నుంచి 12 పలకలు, అంటే రెండు చుట్లు దింపి మొదలుపెట్టండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక రెండు కార్బురేటర్ల గాలి శబ్దం సమం చేసి, పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ని ఓ 0.8 మిల్లీమీటర్లు ఎత్తండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, పడిపోతే తక్కువ. కొంచెం పెరిగి వెంటనే మామూలైతే సరిగ్గా ఉన్నట్టు. ఒక్కో పలక చొప్పున తిప్పండి, అంతకన్నా వద్దు. పెట్రోలు ఈ5 (ఇథనాల్ 5 శాతం దాకా) సూపర్ పోయించండి, ఈ10 (10 శాతం దాకా) పాత రబ్బరుని తినేస్తుంది.

కరెంటు విషయంలో ఒక్క మాట: మీ ఏడాది బండి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిపి), డైనమోతో, సీట్ల వెనక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలతో వచ్చింది. ఎవరైనా మధ్యలో మార్చారేమో బ్యాటరీ తీగల్ని వెంబడించి చూసుకున్నాకే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ లాంటివి తగిలించండి. తారుమారైతే క్షణంలో కాలిపోతాయి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్‌తో తిప్పండి. ఆయిల్ 20డబ్ల్యూ50, జింక్ ఎక్కువ ఉన్నది, సుమారు 4.26 లీటర్లు. కొత్త క్యామ్‌షాఫ్ట్ అయితే అంటుకున్న వెంటనే 2,000 ఆర్‌పీఎం పైకి తెచ్చి 20 నిమిషాలు అక్కడే ఉంచాలి. ఐడ్లింగ్‌లో వదిలేస్తే క్యామ్ కొనలు, టాపెట్లు మొదటి రోజే అరిగిపోతాయి. వేడెక్కాక ప్రెషర్ పరుగులో 50 నుంచి 80 పీఎస్ఐ, ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 ఉంటే సరి. 500 మైళ్లకి ఆయిల్ మార్చి, హెడ్ నట్లు, టాపెట్లు మళ్లీ చూడండి.

వైర్ వీల్స్ (ఊచల చక్రాలు) ఉంటే రోడ్డెక్కే ముందు ఇంకొకటి చూడాలి. చక్రం మధ్య నట్టు, బండి ముందుకి వెళ్లేటప్పుడు చక్రం తిరిగే దిక్కుకి తిప్పితే ఊడాలి, దానికి ఎదురు తిప్పితే బిగియాలి. హబ్‌లు విప్పి పెయింట్ చేసినప్పుడు ఎడమది కుడికి వేస్తే నట్టు నడుస్తూ నడుస్తూ దానంతటదే వదులవుతుంది. మొదటి 20 మైళ్ల తర్వాత నాలుగూ సుత్తితో మళ్లీ బిగించండి. 40 ఏళ్లు దాటి పెద్ద మార్పులు లేని బండికి బ్రిటన్‌లో ఎంఓటీ (ఏటా చేసే వాహన తనిఖీ) తప్పనిసరి కాదు, అయినా మీరు చేయించండి. బ్రేకులు రెండు పక్కలా సమంగా పడుతున్నాయా లేదా అన్నది రోలర్ల మీదే అంకెల్లో తెలుస్తుంది.